తిరుపతి నుంచి విశాఖకు 600 కిలోమీటర్లా, 760 కిలోమీటర్లా?

తిరుపతి నుంచి విశాఖపట్నం ఎంత దూరమని నెట్‌లో వెతికితే 600 కిలోమీటర్లని ఒక జవాబు వస్తుంది. దాని కిందే 760 అని ఇంకొకటి కనిపిస్తుంది. రైలు దూరం చూస్తే 740కి దగ్గరలో మూడో అంకె. కొన్ని సైట్లు అక్కడితో ఆగకుండా విమానంలో 45 నిమిషాల ప్రయాణమని కూడా తేల్చి చెప్పేస్తాయి. తీరా టికెట్ తీసి చూస్తే అందులో రాసిన సమయం గంట దాటే ఉంటుంది.

ఆ 45 నిమిషాల మాట పక్కన పెడితే మిగతా మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చిక్కు ఎక్కడంటే, చాలాచోట్ల మొదటి అంకె పక్కన "విమాన దూరం" అని రాస్తారు. అది విమానం తిరిగే దూరం కాదు. ఏ విమానంతోనూ దానికి సంబంధం లేదు. రెండు ఊళ్ల మధ్య భూమి మీద గీసిన అతి పొట్టి గీత పొడవు అది. ఇక్కడి నుంచి దాన్ని సూటి దూరం అందాం.

సూటి దూరం లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు, కాగితం మీద మీరే వేసుకోవచ్చు. తిరుపతి విమానాశ్రయం సుమారు 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 దగ్గర. అక్షాంశాల్లో తేడా 4.09 డిగ్రీలు, రేఖాంశాల్లో 3.68. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీ మన ప్రాంతంలో 110.7 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి మొదటి తేడా దాదాపు 453 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం డిగ్రీ పొడవు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లకు పైగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గుతూ 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగానికి వచ్చేస్తుంది. మన దగ్గర సుమారు 107. అంటే రెండో తేడా 394 కిలోమీటర్లు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలుగా పెట్టి, బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రంతో కర్ణం తీస్తే 600 వస్తుంది.

భూమి గుండ్రంగా ఉంటే చదును కాగితం మీద లెక్క ఎలా కుదురుతుందని అడగొచ్చు. ఇంత చిన్న దూరానికి ఆ వంపు వల్ల పెద్ద తేడా రాదు. ఇక్కడి నుంచి అమెరికాకు లెక్క కట్టేటప్పుడైతే చదును లెక్క పనికిరాదు, గోళాన్ని సరిగ్గా సగానికి కోసినట్టు గీసే మహావృత్తం లెక్కే వేయాలి. ఆ భూమి కూడా పక్కా గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. కొన్ని సైట్లు సగటున 6,371 అనుకుని గోళంగా లెక్కవేస్తాయి, కొన్ని ఆ నొక్కుడును కూడా కలుపుతాయి. అందుకే ఒకచోట 600 అనీ, మరోచోట 602 అనీ కనిపిస్తుంది. ఆ ఒకటి రెండు కిలోమీటర్ల గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. విమానం పది కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది కదా, ఆ ఎత్తులో గీత ఇంకా పొడవవుతుందేమో అన్న అనుమానం కూడా కొందరికి వస్తుంది. అవుతుంది, కానీ 600 కిలోమీటర్లకు పెరిగేది ఒక్క కిలోమీటరు కూడా ఉండదు.

అంకెల పక్కన మైళ్లు కనిపిస్తే మాత్రం ఒకసారి ఆగి చూడాలి. అదే 600 కిలోమీటర్లు మామూలు మైళ్లలో 373, విమానాలకూ ఓడలకూ వాడే నాటికల్ మైళ్లలో 324. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు, మామూలు మైలు 1,609 మీటర్లు. రెండూ మైళ్లే కాబట్టి చూసీచూడకుండా కలిపేస్తే యాభై మైళ్లు అటో ఇటో పోతాయి.

సముద్రం మీద గీసిన గీత

ఇప్పుడు ఆ 600 కిలోమీటర్ల గీతను మ్యాప్ మీద పెట్టి చూడండి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే విషయం ఇదే. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుంచి ఈశాన్యంగా బయల్దేరిన గీత నెల్లూరు జిల్లాలో తీరం దాటి బంగాళాఖాతంలోకి వెళ్లిపోతుంది. ఒంగోలు, బాపట్ల, విజయవాడ అన్నీ ఎడమ పక్కన దూరంగా ఉండిపోతాయి. చాలాసేపు నీళ్ల మీదే సాగి, కోనసీమ అంచును తాకి, కాకినాడకు తూర్పున మళ్లీ సముద్రంలోకి దిగి, విశాఖ దగ్గరపడ్డాక గానీ గట్టెక్కదు. రెండు ఆంధ్ర నగరాలను కలిపే గీత ఎక్కువ భాగం ఆంధ్ర నేల మీదే లేదు. కారణం, మన తీరం సూటిగా ఉండకపోవడమే. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నిలువుగా పోయి, బాపట్ల దగ్గర తూర్పుకు తిరిగి, కృష్ణా గోదావరి డెల్టాల దగ్గర ముందుకు పొడుచుకొస్తుంది.

రోడ్డుకు ఆ సౌకర్యం లేదు. తిరుపతి నుంచి నాయుడుపేట చేరి, అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి మీదుగా తీరం వంపు వెంటే పోవాలి. విజయవాడ దాకా సుమారు 410, అక్కడి నుంచి విశాఖకు 350. మొత్తం 760. రైలు పట్టాలదీ ఇదే కథ, గూడూరు దగ్గర ప్రధాన లైను కలిసి తీరం వెంట సాగుతాయి. (పాతవాళ్లు ఇప్పటికీ 16ని "ఐదో నంబరు రోడ్డు" అనే అంటారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చినప్పుడు అయిదు పోయి పదహారు వచ్చింది, ఏడు పోయి నలభై నాలుగు వచ్చింది. పాత మ్యాపు చూసి దారి చెబితే ఇక్కడా గందరగోళమే.)

రోడ్డు దూరాన్ని సూటి దూరంతో భాగించి చూడటం మంచి అలవాటు. ఇక్కడ 760ని 600తో భాగిస్తే 1.27 వస్తుంది. మామూలుగా రోడ్లున్న ప్రాంతాల్లో ఈ నిష్పత్తి 1.2కీ 1.4కీ మధ్య ఉంటుంది. అంతకన్నా తక్కువైతే ఆ రెండు ఊళ్ల మధ్య దారి దాదాపు సూటిగా ఉన్నట్టు. రెండు దాటిందంటే మధ్యలో పెద్ద అడ్డంకేదో ఉన్నట్టు. ఒక్క దూరం చెబితే ఏమీ తెలియదు గానీ రెండు దూరాలూ పక్కపక్కన పెడితే ఆ నేల ఎలాంటిదో తెలిసిపోతుంది.

హైదరాబాద్, విజయవాడ చూడండి. సూటి దూరం 250 కిలోమీటర్లకు ఒక పిసరు తక్కువ, రోడ్డు 275. నిష్పత్తి 1.1. మధ్యలో కొండలు అడ్డంగా లేవు, సూర్యాపేట, కోదాడ మీదుగా రోడ్డు దాదాపు గీత వెంటే పోతుంది. మరి అదే విజయవాడకు సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా రైలు దూరం 350. రోడ్డు కన్నా 75 కిలోమీటర్లు ఎక్కువ. ఇంత చదును నేల మీద రైలు అంత చుట్టూ ఎందుకు తిరిగిందంటే, నిజాం కాలంలో ఆ లైను వేసినవాళ్లకు బెజవాడ చేరడం ఒక్కటే లక్ష్యం కాదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్, అక్కడి నుంచి డోర్నకల్, ఇల్లందు దగ్గరి సింగరేణి బొగ్గు, ఆ తర్వాతే 1889లో బెజవాడ. బొగ్గు కోసం వేసిన వంపును నూటముప్పై ఏళ్లు దాటినా ప్రయాణికులు తిరుగుతూనే ఉన్నారు.

సూటి గీతకు దగ్గరగా వేసినంత మాత్రాన రోడ్డు పొట్టిదైపోదు కూడా. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట 216వ నంబరు జాతీయ రహదారి ఉంది. కాకినాడ, యానాం, అమలాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా పోతుంది. మ్యాప్‌లో చూస్తే విజయవాడ మొహం చూడకుండా అడ్డంగా కోసుకుపోయే దారిలా కనిపిస్తుంది. కొలిస్తే సుమారు 390 కిలోమీటర్లు. అదే రెండు చోట్ల మధ్య విజయవాడ మీదుగా పోయే దారి దీనికన్నా కాస్త తక్కువే తప్ప ఎక్కువ కాదు. డెల్టాలో రోడ్డు ఎప్పుడూ కాలవనో, గోదావరి పాయనో, ఊరినో చుట్టుకుంటూనే పోవాలి, వంతెన ఉన్న చోటికే రావాలి.

కొండ దారుల లెక్క వేరు. విశాఖ నుంచి అరకుకు సూటిగా 80 కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు మీద దాదాపు 115. నిష్పత్తి 1.4, మరీ భయపడేంత లేదు. కానీ ఆ 115 కిలోమీటర్లకు పట్టే మూడు గంటలకు పైగా సమయంలో హైవే మీద 200 కిలోమీటర్లు పోవచ్చు. ఘాట్‌లో కిలోమీటర్లు లెక్కపెట్టుకుని టైం వేసుకుంటే మోసపోతారు. తిరుమల కొండకైతే అలిపిరి నుంచి మెట్ల దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు దానికి దాదాపు రెట్టింపు, శ్రీవారిమెట్టు నుంచి రెండు కిలోమీటర్లకు కాస్త పైన. మూడూ కొండ పైకి చేర్చేవే, వీటిలో ఏది తిరుమల దూరమంటే నడిచేవాడు ఒకటి చెబుతాడు, బస్సు డ్రైవరు ఒకటి చెబుతాడు.

నది అడ్డొస్తే, అడవి అడ్డొస్తే

నిష్పత్తి నిజంగా అదుపు తప్పేది నదుల దగ్గర. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌కూ, నంద్యాల జిల్లా ఆత్మకూరుకూ మధ్య సూటిగా 40 కిలోమీటర్లే ఉంటుంది. మధ్యలో శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు పరుచుకుని ఉన్నాయి. కారులో పోవాలంటే కొల్లాపూర్ నుంచి పెబ్బేరు వచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, కర్నూలు దగ్గర తుంగభద్ర దాటి, అక్కడి నుంచి మళ్లీ తూర్పుకు తిరిగి ఆత్మకూరు చేరాలి. 150 కిలోమీటర్లకు పైమాటే. దాదాపు నాలుగు రెట్లు. అందుకే ఆ తీరాల మనుషులు పడవల మీద దాటుతూ వచ్చారు. 2007లో అక్కడ పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరాల మధ్య వంతెన కట్టాలన్న డిమాండ్ అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తూనే ఉంది. కల్వకుర్తి నుంచి నంద్యాల దాకా ప్రకటించిన 167కే జాతీయ రహదారిలో భాగంగా 2022లో తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే ఈ రెండు ఊళ్ల మధ్యే కాదు, హైదరాబాద్ నుంచి తిరుపతికి కూడా పదుల కిలోమీటర్లు తగ్గిపోతాయి. ఊళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, దూరం మాత్రం మారుతుంది.

గోదావరి జిల్లాల్లో ఇది రోజూ చూసే సంగతే. నరసాపురం రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి కంటికి కనిపిస్తుంది. మనుషుల్నీ బళ్లనూ నది దాటించే పంటు ఎక్కితే కొద్ది నిమిషాలు. పంటు లేకపోతే చించినాడ వంతెన దాకా పోయి చుట్టి రావాలి. డ్రైవింగ్ దూరం చెప్పే లెక్కల్లో పంటు ఉంటుందా అంటే ఒకోచోట ఉంటుంది, ఒకోచోట ఉండదు. వరద వచ్చి పంటు ఆపేసిన రోజున ఉన్న లెక్క కూడా తప్పవుతుంది.

అడవి ఇంకో రకం. ఇందాకటి ఆత్మకూరు నుంచే శ్రీశైలానికి సూటి దూరం 40 కిలోమీటర్ల లోపే. శివరాత్రికి, ఉగాదికి భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి వెళ్లేది దాదాపు ఈ దారినే. వాహనానికి ఆ దారి లేదు. దోర్నాల దాకా పోయి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కాలి. వంద కిలోమీటర్లు దాటుతుంది. పైగా ఇది పులుల అభయారణ్యం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వచ్చే దారిలో మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు చూసినా, రాత్రి పదకొండుకు చూసినా మ్యాప్‌లో అవే కిలోమీటర్లు కనిపించవచ్చు. రాత్రి మాత్రం గేటు దగ్గర తెల్లారేదాకా కూర్చోవాల్సిందే.

పేరు ఒకటే, ఊళ్లు రెండు

అంకె పక్కాగా ఉన్నా ఊరే తప్పయితే ఏం లాభం? పైన చెప్పిన సోమశిల, ఆత్మకూరు అన్న రెండు పేర్లనే తీసుకోండి. నెల్లూరు జిల్లాలో పెన్నా మీద ప్రాజెక్టు ఉన్న సోమశిల ఉంది, దానికి దగ్గర్లోనే ఆత్మకూరు అనే పట్టణమూ ఉంది. కృష్ణ ఒడ్డున నాగర్‌కర్నూల్ జిల్లాలో ఇంకో సోమశిల ఉంది, నదికి అవతల ఇంకో ఆత్మకూరు ఉంది. రెండు జంటల మధ్యా సూటి దూరం దాదాపు ఒకటే! కానీ ఒక జంట మధ్య గంటలో కారులో చేరతారు, రెండో జంట మధ్య నదిని చుట్టి సగం రోజు తిరగాలి. ఇవి చాలవన్నట్టు వనపర్తి జిల్లాలో మరో ఆత్మకూరు, అనంతపురం జిల్లాలో మరొకటి. శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రమే కాదు, కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరూ శ్రీకాకుళమే. నర్సాపూర్ మెదక్ జిల్లాలో ఉంది, నరసాపురం పశ్చిమ గోదావరిలో ఉంది, ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే స్పెల్లింగ్ రాసేస్తారు. జిల్లా పేరు చూడకుండా దూరం నమ్మకూడదు.

పెద్ద నగరాలతో వచ్చే తిప్పలు వేరు. హైదరాబాద్ అని కొడితే మ్యాప్ నగరం మధ్యలో ఎక్కడో ఒక చుక్క పెట్టి అక్కడి నుంచి కొలుస్తుంది. ఎల్బీ నగర్‌లో ఉన్నవాళ్లు విజయవాడ రోడ్డు మీదే ఉన్నట్టు లెక్క. మియాపూర్ వాళ్లు ఆ ఎల్బీ నగర్ చేరాలంటే మెట్రో లైను పొడవే 29 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికైతే ఆ ముక్క దాటడమే ప్రయాణంలో పెద్ద టెన్షన్. చిన్న ఊళ్లకు ఈ బాధ లేదు, చుక్క ఎక్కడ పెట్టినా ఒకటి రెండు కిలోమీటర్ల తేడానే.

ఇక డ్రైవింగ్ దూరం అని మ్యాప్ చూపించేది అతి తక్కువ దూరమని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది అతి తక్కువ సమయం పట్టే దారి పొడవు. రోడ్లన్నిటినీ ముక్కలుగా, కూడళ్లను చుక్కలుగా పెట్టి, ఒక్కో ముక్కకు ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకుని, వాటి మొత్తం ఎక్కడ తక్కువ వస్తే ఆ దారిని ఎంచుతుంది. 1959లో డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతే దీనికి పునాది. అందుకే విజయవాడ ఊళ్లోంచి పొట్టి దారి ఉన్నా, బైపాస్ మీద నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిప్పినా బైపాస్‌నే చూపిస్తుంది. కాకినాడ నుంచి రాజమండ్రికి కెనాల్ రోడ్డు, ఏడీబీ రోడ్డు అని రెండు దారులున్నాయి. రెండింటి పొడవులో తేడా పెద్దగా ఉండదు. ఏ పూటకు ఏది ఖాళీగా ఉంటే అది పైకి వస్తుంది. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె కనిపించిందంటే ఫోన్ చెడిపోయినట్టు కాదు.

విమానం ఆ గీత మీద ఎగరదు

ఇప్పుడు మళ్లీ ఆకాశంలోకి వద్దాం. గాలికి ఎదురుగా టేకాఫ్ అవ్వాలి కాబట్టి ఆ రోజు గాలి పడమటి నుంచి వీస్తుంటే విశాఖ విమానమైనా రేణిగుంట నుంచి ముందు పడమరకే లేచి, తర్వాత వెనక్కి తిరుగుతుంది. దిగేటప్పుడూ అంతే, రన్‌వే వరసలోకి రావడానికి ఒక చుట్టు తప్పదు. మధ్యలో కూడా ఇష్టమొచ్చినట్టు పోవడానికి వీల్లేదు, ఖరారు చేసిన బిందువుల మీదుగా గగన మార్గాలుంటాయి. విశాఖలో నగరం పక్కనున్న విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో భాగం. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే సమయాల్లో బంగాళాఖాతం మీద కొంత గగనతలాన్ని మూసి ఉంచుతారు, పైలట్లకు ముందే నోటామ్ అనే నోటీసు వెళ్తుంది. వానాకాలంలో ఉరుముల మబ్బులు అడ్డుపడితే పక్కకు తిప్పడం మామూలే. ఇవన్నీ కలిపి 600 కిలోమీటర్ల గీత ఆచరణలో పదుల కిలోమీటర్లు పెరుగుతుంది.

45 నిమిషాలన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పొచ్చు. 600ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించారు, అంతే. జెట్ విమానం పూర్తి ఎత్తులో ఆ వేగంతో పోయే మాట నిజమే. కానీ లేచిన క్షణం నుంచి ఆ వేగం ఉండదు. దిగడానికి ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల మోటు లెక్క. 33 వేల అడుగుల నుంచి దిగాలంటే సుమారు 100 నాటికల్ మైళ్లు, అంటే 185 కిలోమీటర్లు. ఎక్కడానికి కూడా వంద కిలోమీటర్లు దాటుతుంది. 600లో పూర్తి వేగంతో పోయేది మహా అయితే సగమే. పది వేల అడుగుల కిందైతే సాధారణంగా వేగం 250 నాట్లకు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లకు, మించకూడదు కూడా. ఇక విమానం రన్‌వే దాకా నేల మీద నడవడం, దిగాక ఆగే చోటికి చేరడం కూడా టికెట్ మీద రాసిన సమయంలోనే కలిసి ఉంటాయి. చిన్న పట్టణాలకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ విమానాల వేగమే గంటకు 500 కిలోమీటర్ల దగ్గర. దానికి 600 అంటే గాల్లోనే గంటా పావు.

ఇదంతా నేరుగా విమానం ఉన్నప్పటి సంగతి. రెండు చిన్న నగరాల మధ్య చాలాసార్లు అది ఉండదు, ఉన్నా వారంలో అన్ని రోజులూ ఉండకపోవచ్చు. రాజమండ్రి నుంచి తిరుపతికి సూటిగా 456 కిలోమీటర్లు, రోడ్డు మీద సుమారు 570. నేరుగా సర్వీసు లేని రోజున హైదరాబాద్ మీదుగా పోతే? రాజమండ్రి నుంచి శంషాబాద్ 361, అక్కడి నుంచి రేణిగుంట 416. మొత్తం 777. రోడ్డు కన్నా ఆకాశంలోనే 200 కిలోమీటర్లు ఎక్కువ తిరిగారు! ఆకాశంలో ఎప్పుడూ దగ్గర, నేల మీద ఎప్పుడూ దూరం అన్న నమ్మకం చిన్న ఊళ్ల దగ్గర ఇలా తలకిందులవుతుంది. విశాఖ, తిరుపతి జంటకు 600 అని చూపించే సైటే ఈ జంటకు 456 అని చూపిస్తుంది తప్ప, మధ్యలో శంషాబాద్‌లో మూడు గంటలు కూర్చోవాలని చెప్పదు.

సూటి దూరం దేనికీ పనికిరాదని మాత్రం నేను అనను. ప్రాంతీయ విమానాల కోసం 2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో గరిష్ఠ టికెట్ ధరను దూరాన్ని బట్టి శ్రేణులుగా కట్టారు. గంట ప్రయాణానికి రూ.2,500 అన్నది అప్పట్లో అందరి నోటా నానింది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప, హైదరాబాద్ మధ్యది ఒకటి. ఆర్టీసీ బస్సులో మాత్రం స్టేజీల లెక్కన తిరిగిన కిలోమీటర్లకే చార్జీ, రైల్లో పట్టాల పొడవుకే. అందుకే కాజీపేట చుట్టు తిరిగినందుకు టికెట్‌లో డబ్బు కూడా కడుతున్నాం.

ప్రయాణం ఖరారు చేసుకునేవాళ్లకు ఈ కిలోమీటర్లన్నిటి కన్నా ఇంటి గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా పట్టే గంటలు ముఖ్యం. విజయవాడ నుంచి విశాఖ చూద్దాం. గన్నవరం నుంచి విశాఖ నగరం పక్కనున్న విమానాశ్రయానికి సూటిగా 290 కిలోమీటర్లు, ఎగిరేది గంట లోపు. బెజవాడ నుంచి గన్నవరం సుమారు 20 కిలోమీటర్లు, దానికి ముప్పావు గంట వేసుకోండి. గంటా పావు ముందే చేరుకోవాలి. టికెట్ మీద గంట. దిగాక సామాను తీసుకుని బయటపడటానికి అరగంట. ఊళ్లోకి అరగంట. నాలుగు గంటలయ్యింది. 350 కిలోమీటర్ల పట్టాల మీద వందే భారత్‌కు పట్టేది కూడా ఇంచుమించు అంతే, నాలుగు గంటల పైచిలుకు. అదీ ఊరి నడిమధ్య ఎక్కి, ఊరి నడిమధ్య దిగడం. ఇక భోగాపురం విమానాశ్రయం విశాఖ నుంచి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం వైపు ఉంది. అక్కడ దిగితే గాల్లో ఎగిరే దూరం కొన్ని పదుల కిలోమీటర్లు పెరుగుతుంది, అది పైకి లేచాక ఐదు నిమిషాల పని. వెనక్కి నగరంలోకి రావడానికి మాత్రం గంట పడుతుంది. గాజువాక వెళ్లాల్సినవాళ్లకు ఇంకా ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం అదే విమానం గంట ఆదా చేసి పెడుతుంది.